పజుండౌంగ్‌లో లంక జెర్రికి మైల

చచ్చిన జెర్రిని వెంటబెట్టుకుని యాంగాన్ వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. విమానంలోనే కడుపు నింపుకోండి.

నేను విశాఖలో జంతుశాస్త్రం చెబుతాను. అగ్గిపుల్ల కన్నా పొట్టి జెర్రి ఒకటి శ్రీలంకలో తప్ప మరెక్కడా పుట్టదని ఏళ్ళ తరబడి వాదిస్తున్నాను. యాంగాన్‌లోని పబేడాన్ బజారులో మసాలా దినుసులమ్మే రామారావు, అచ్చం అలాంటిదే తన కొట్లో దొరికిందని ఫొటో పంపాడు. అదే నిజమైతే నా వాదన గంగలో కలిసినట్టే. స్పిరిటు సీసాలో నా జెర్రిని, దాని కాగితాలను సర్దుకుని కోల్‌కతా మీదుగా బయలుదేరాను.

పొద్దున పదింటికి దిగాను. టాక్సీ బేరం ఎక్కకముందే తెముల్చుకోవాలి. పజుండౌంగ్ పేటలో రామారావు ఇంటికి చేరేసరికి చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. వాళ్ళమ్మ అప్పలనరసమ్మగారు సీసాలో ఏమిటని అడిగితే ఉన్నది చెప్పేశాను.

"ఇంట్లో పీనుగుంటే పొయ్యెలిగించకూడదు బాబూ" అని ఆవిడ పొయ్యి ఆర్పేశారు.

ఈలోగా రామారావు కొట్టుకెళ్ళి తన జెర్రిని ఊరగాయ సీసాలో తెచ్చాడు. పీనుగులు రెండయ్యాయి. పక్కింటావిడ పరామర్శకొచ్చి, ఎవుల తాలూకా అని నన్నే అడిగింది. శ్రీలంక వాళ్ళ తాలూకా అన్నాను. అయ్యో పాపం, అంత దూరమా అని చతికిలబడింది.

ఆకలి మీదే రెంటినీ భూతద్దం పెట్టి చూశాను. కాళ్ళు, మీసాలు, కోరలు అన్నీ కలిశాయి. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కొట్లో సరిగ్గా ఎక్కడ దొరికిందని రామారావుని నీరసంగా అడిగాను. కొలంబో నుంచి వచ్చిన దాల్చినచెక్క మూటలో అన్నాడు. లేచి గంతేశాను. ఇది ఇక్కడ పుట్టింది కాదు, మూటతో పాటు వచ్చి ఇక్కడ పోయిందని ముగ్గురికీ వివరించాను.

అప్పలనరసమ్మగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ తాతగారు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి ఈ ఊరి రేవులోనే మూటలు మోశారట.

"రెంటినీ పుట్టిన సోటికి అట్టుకెల్లు బాబూ. మావోల్లల్లో ఒక్కల్నీ అట్టుకెల్నేకపోనాం."

సీసాలు నాతోనే ఉన్నాయి కాబట్టి నేను గడప దాటాకే పొయ్యి వెలిగింది. వీధి చివర కొట్లో మొహింగా తిన్నాను. చేపల చారులో బియ్యపు సేమ్యా, బాగుంటుంది. రాత్రికి లమ్మడా పేటలో హోటల్ గది తీసుకున్నాను. అక్కడ సీసాల ఊసెత్తలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణం. యాంగాన్‌లో పగోడాలు చూడలేదు, పులుసు తినలేదు. అయినా మనసు నిండుగా ఉంది. కోల్‌కతాలో కస్టమ్స్ అధికారి సీసాలెత్తి ఇవేమిటని అడిగాడు. చదివిన జంతుశాస్త్రమంతా ఎటు పోయిందో, "మావాళ్ళండీ, ఊరు చేర్చాలి" అన్నాను.