మా పైడమ్మ వదిన లావణ్య కోసం దాచిన వేట మాంసం

నిన్న పొద్దున అన్నయ్య ఫోన్ చేసి "మీ వదిన పోయిందిరా" అన్నాడు.

నేను "ఇవాళ నా వంతా?" అన్నాను.

జీవితమంతా జనాన్ని ఆటపట్టించినవాణ్ని కదా. ఎవరో అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని నా మీద కసి తీర్చుకుంటున్నారనుకున్నాను.

అవతల ఏడుపు వినిపించింది.

చీపురుపల్లి నుంచి అరసవల్లి దాకా బండి ఎలా నడిపానో గుర్తులేదు.

గుండె. పెరట్లో బట్టలు ఆరేస్తూ అలా కూర్చుండిపోయిందట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా పైడమ్మ వదిన అంటే డేట్లు చూసే వదిన. పాలైనా బిస్కెట్లయినా ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివేది. ఆవిడ వస్తుంటే కొట్టువాళ్లు పాత సరుకు లోపలికి లాగేసేవాళ్లు.

నేను ఊరుకుంటానా. ఒకసారి కొత్త పెరుగు డబ్బా మీద పాత డబ్బా స్టిక్కర్ పీకి అంటించాను.

ఆవిడ చూసింది. భోజనాల దగ్గర అందరికీ ఆ పెరుగే వేసి, నా దగ్గర గరిటె ఆపేసింది.

"నీ లెక్కన ఇది సెడిపోయింది కదా మరిదీ. నీకు పెట్టి ఆ పాపం నేనెందుకు కట్టుకోవాల?"

పైగా నాలాంటి తొమ్మిది ఫెయిల్‌గాడికి అక్కడే క్లాస్ పీకింది.

"బెస్ట్ బిఫోర్ అంటే ఆ తారీకు దాటితే రుసి తగ్గుతాది. పేకెట్టు బాగుంటే సూసుకుని తినొచ్చు. యూజ్ బై అని గానీ ఎక్స్‌పైరీ అని గానీ ఉంటే, దాటేక ముట్టుకోకు. రెండూ ఒకటి కాదు."

మాంసం కొట్టువాడు డేట్ వెయ్యడు. అందుకని ఆవిడే వేసేది. తెచ్చిన వెంటనే పూటకి సరిపడా కవర్లు కట్టి, ప్లాస్టర్ ముక్క మీద తారీకు రాసి అంటించి ఫ్రీజర్‌లో పెట్టేది. కరిగించినదాన్ని మళ్లీ లోపల పెట్టనిచ్చేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. పొద్దున్నుంచి నాకు ఒకటే దడ.

దూరం నుంచి రావాల్సినవాళ్లు వచ్చేదాకా వదినని ఉంచడానికి నిన్న ఫ్రీజర్ బాక్స్ తెప్పించాం. ఆ ఇంట్లో పెద్ద ప్లగ్ ఒక్కటే, ఫ్రిజ్‌ది. బాక్స్ తెచ్చినవాడు దాన్ని పీకి బాక్స్‌ది పెట్టాడు. ఆ ఏడుపుల్లో ఎవరికీ తట్టలేదు.

ఈ ఎండల్లో ఫ్రిజ్ సాయంత్రం దాకా ఆగిపోయే ఉంది. మంచినీళ్ల కోసం వచ్చినవాళ్లల్లా తలుపు తీస్తూనే ఉన్నారు.

దహనం అయ్యాక ఎవరో మళ్లీ ప్లగ్ పెట్టారు.

ఇవాళ పొద్దున ఐస్ కోసం పై అర తీశాను. వేట మాంసం, అదే మేక మాంసం ప్యాకెట్, రాయిలా ఉంది.

కానీ దాని కింద ఎర్రనీళ్లు మడుగు కట్టి, గడ్డకట్టి ఉన్నాయి.

అంటే కరిగిపోయి, మళ్లీ గడ్డకట్టింది.

రేపు మూడో రోజు. మాలో ఆ రోజు వేట వండి, పోయినవాళ్లకి పెట్టి, ఇంటివాళ్లు తింటారు. ఆ ప్యాకెట్ వదిన మొన్ననే తెచ్చి కూతురు లావణ్య కోసం దాచింది. లావణ్యకి ఏడో నెల. నిన్న విజయనగరం నుంచి వచ్చింది.

అందరిదీ ఒకటే మాట. తల్లి చేత్తో తెచ్చిన ఆఖరి మాంసం, కూతురు ఒక్క ముక్కైనా తినాలని.

ప్లగ్ సంగతి చెప్పి నేను వద్దన్నాను.

వదిన వాళ్ల అక్క లచ్చమ్మ గయ్యిమంది. "ఒరే, సావింట్లో కూడా నీ యేసాలేనా? తారీకు సూడు, మొన్నటిదే. నా సెల్లి సేత్తో రాసింది."

తారీకు నిజమే. తన బాక్స్ కోసం తన ఫ్రిజ్ ప్లగ్గే పీకుతారని, రాసినప్పుడు వదినకేం తెలుసు?

"బాగా ఉడకబెడితే ఏటీ అవదు" అంది లచ్చమ్మక్క.

"ఉడికిస్తే పురుగు సస్తాదక్కా. అది ముందే కక్కిన విసం సావదు. మీ సెల్లే సెప్పింది."

"స్టిక్కర్లు మార్సినోడివి. నీ మాట ఎవుడు నమ్ముతాడ్రా?"

ఒకరిద్దరు నవ్వారు కూడా.

వాసన లేదు, రంగు మారలేదు. ఆ ఎర్రనీళ్లు తప్ప చూపించడానికేమీ లేదు. అది ఐస్ కదరా అంటున్నారు. ఒట్టు వేద్దామంటే, ఇన్నాళ్లూ ఒట్లు కూడా దొంగవే వేశాను.

అప్పుడు లావణ్య గోడ పట్టుకుని లేచి వచ్చింది. నా మొహంలోకి చూసింది.

"సిన్నాన్నా, నువ్వు నవ్వట్లేదేటి?"

"లేదమ్మా."

"నిజంగా కరిగిపోయిందా?"

"కరిగిపోయిందమ్మా. నువ్వు తినకు."

ప్యాకెట్ తీసుకుని గుండెకి ఆనించుకుంది. నైటీ తడిసిపోతున్నా చాలాసేపు అలాగే నిలబడింది. లచ్చమ్మక్క వెళ్లి పెరటి తలుపు తీసింది.

పెరట్లో కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీశాను. లావణ్యే వంగలేక వంగి అందులో పెట్టింది.

తర్వాత లచ్చమ్మక్క నా భుజం మీద చెయ్యి వేసి, "రేపు కొత్త వేట దగ్గరుండి కొట్టించి తే. తిన్నగా పొయ్యి మీదికే" అంది.

నాకింకా గుబులు పోలేదు. ఇది చదివేవాళ్లలో నిన్న సాయంత్రం నుంచి ఆ ఫ్రిజ్‌లో పాలు, కూర ఎవరైనా తీసుకుని ఉంటే చెప్పండి. వాంతులో జ్వరమో అనిపిస్తే మొహమాటపడకుండా ఫోన్ చెయ్యండి, ఆస్పత్రికి నేను తీసుకెళ్తాను. ఇది జోక్ కాదు.

వదినా, లావణ్య మీద బెంగ పెట్టుకోకు. ఇందాకే రెండు ముద్దలు తిని పడుకుంది.

నువ్వూ పడుకో. నీ ప్రాణం చల్లగా ఉండాలి.