సాక్ష్యంలో చెప్పని మాట

మొన్న శుక్రవారం అమలాపురంలో ఒక కౌన్సెలింగ్ డాక్టరుగారి గది బయట, ఒళ్లో మా మేనకోడలి హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చున్నాను. ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువు మీద కరెంటు మోటారు షాకు కొట్టి భర్త పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తిండీ నిద్రా మానేసింది. వచ్చినవాళ్లంతా మర్చిపోమ్మా, మర్చిపోమ్మా అంటుంటే నాకు ఒళ్లు మండి, చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చాను. ఆ పిల్ల లోపలికెళ్లి తలుపు మూసుకున్నాక నాకు నా పాతికేళ్ల వయసు గుర్తొచ్చింది.

మా తరంవాళ్లకి చెప్పక్కర్లేదు, అప్పట్లో గోదారి లంకలకి పడవలే దిక్కు. నాకు కొత్తగా లంక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. నేను పని చేయబోయే బడి చూస్తానని సరదాపడి మా చెల్లి కూడా వచ్చింది, గోదారి మధ్యలో మా పడవ తిరగబడింది. నన్ను ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. చెల్లి దక్కలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ చెల్లి పేరెత్తలేదు. ఫోటో ట్రంకు పెట్టెలోకి వెళ్లింది, అమ్మ పులస చేప వండడం మానేసింది, నా ఎదుట గోదారి అనే మాటే ఎవరూ అనేవారు కాదు. అంతా నామీద ప్రేమతోనే చేశారు. నేనేమో మంచినీళ్ల గ్లాసు కూడా నోటి దగ్గరికి తెచ్చుకోలేకపోయేదాన్ని. ప్రార్థన కూటానికి వచ్చిన ఆడవాళ్లు, నువ్వు బతికేవు, అదే గొప్ప సాక్ష్యం, ఆదివారం చర్చిలో లేచి చెప్పమ్మా అనేవారు. మా గుడిలో సాక్ష్యం అంటే ఎప్పుడూ ఒకటే తీరు. కష్టం ఒక్క ముక్కలో తేల్చేసి, దేవుడు ఎలా గట్టెక్కించాడో చెప్పి కూర్చోవాలి. నేను కూడా అలాగే లేచి చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు, ఇంటికొచ్చి పడుకుంటే మూడు రోజులు మంచం దిగలేదు. ఇంకోపక్క ఉద్యోగంలో చేరడానికి ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది, చేరకపోతే పోస్టు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది.

అప్పుడు మా వదిన, కాకినాడలో నర్సుగా చేసిన మనిషి, ఇంట్లో అందరితో పోట్లాడి నన్ను అక్కడికే బస్సెక్కించింది. పిచ్చివాళ్ల డాక్టరు దగ్గరికా అని అన్నయ్య అరిచాడు కూడా. రావులపాలెం దాటాక వంతెన మీద కళ్లు గట్టిగా మూసుకుని వదిన చెయ్యి నలిపేశాను. అక్కడి డాక్టరమ్మగారు నన్ను తన ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పమన్నారు. నేను గుడిలో చెప్పినట్టే, పడవ తిరగబడిందండీ, దేవుడు నన్ను కాపాడేడండీ అని ముగించాను. ఆవిడ, “ఆ రెండింటికీ నడుమ ఏం జరిగిందండీ?” అన్నారు.

అంతవరకూ ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చాలా వారాలు పట్టింది నాకు, నీళ్లలో చెల్లి నా చెయ్యి పట్టుకుందనీ, ఆ చెయ్యి నా పట్టులోంచి జారిపోయిందనీ పైకి చెప్పడానికి. చెప్పిన రోజు వాంతి చేసుకున్నాను. ఆవిడ కంగారుపడలేదు, మర్చిపొమ్మనలేదు, పై వారం మళ్లీ అదే చెప్పించారు. ఆ ఉరవడిలో ఎవరి చెయ్యైనా నిలిచేదా అని నాచేతనే ఆలోచింపజేశారు. తర్వాత రేవు దాకా వెళ్లి రమ్మన్నారు, ఆ తర్వాత కట్టేసి ఉన్న పడవలో ఊరికే కూర్చోమన్నారు. కొన్నాళ్లు మాత్రలూ మింగాను. ప్రార్థనా మానలేదు, అది నన్ను నిలబెట్టింది, కానీ నా నోరు తెరిపించింది మాత్రం ఆవిడే. రామచంద్రపురం మీదుగా కాకినాడకి ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు, ఒకరోజు వంతెన మీద కళ్లు తెరిచే ఉన్నానని వదినే చూసి చెప్పింది. డాక్టరమ్మగారి చీటీతో పొడిగించిన గడువుకి ముందే, భయం పూర్తిగా పోకుండానే పడవెక్కి లంక బడిలో చేరాను, రిటైరయ్యేదాకా పిల్లలకి పాఠాలు చెప్పాను. చెల్లి మీద బెంగ పోలేదు, అది పోవాలని నేను కోరుకోనూ లేదు.

మేనకోడలు కళ్లు వాచిపోయి బయటికొచ్చింది. ఆటోలో కూర్చున్నాక, “అత్తా, సగంలో ఆపేసేనే, నావల్ల కాలేదు” అంది. సగం దాకా వెళ్లేవు కదే, వచ్చే వారం మిగతాది అన్నాను. “నువ్వొస్తావా?” అంటే, “ఆయ్, నేను రాక ఎవరొస్తారే” అన్నాను.

ఇప్పుడు లంకకి వంతెన పడింది, రేవులో పడవలు లేవు, అమలాపురంలో మనసుకి వైద్యం చేస్తామని బోర్డు పెట్టుకుంటే ఎవరూ నవ్వడం లేదు. మా అమ్మ మాత్రం కన్నుమూసేదాకా పులస వండలేదు. ప్రతి ఏడూ గుడిలో లేచి, దేవుడు నా పెద్దపిల్లని బతికించాడని సాక్ష్యం చెప్పి కూర్చునేది. చిన్నపిల్ల సంగతి ఒక్కసారీ ఎత్తలేదు, ఎత్తమని ఆవిణ్ణి అడిగినవాళ్లూ లేరు. అమ్మకీ డాక్టరు ఎదుట అలాంటి కుర్చీ ఒకటి కావాలని ఆ రోజుల్లో మా ఎవ్వరికీ తట్టలేదు. నా మేనకోడల్ని అలా ఉండనివ్వను. వచ్చే శుక్రవారం మొదటి బస్సుకే బయల్దేరతాం.