ఎండకు ఆగిన బండలు

మొన్న ఆదివారం పొద్దుగాల మా బావ గోడ అవతల నిలబడి, "మీ అక్క లేస్తలేదమ్మా" అన్నడు. నేను ఉరికిపోయి చూసేసరికే అయిపోయింది. మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, నిద్రల్నే పోయింది. ఇరవై ఏండ్లు కంపెనీ క్వార్టర్లల్ల, తర్వాత మంచిర్యాలల గోడకు గోడ ఇండ్లల్ల కలిసి బతికినం. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూసున్న. అబద్ధం రాయలేను గనుక ముందే చెప్తున్న. ఆమెను చూస్తే నాకు కుళ్లు.

అన్నదమ్ములిద్దరు బొగ్గుబాయిల పని చేసి రిటైరైనోళ్లే. ఇల్లు కట్టేటప్పుడు బావ ఒక్కటే అడిగిండు: "ముప్పై ఏండ్లు చీకట్ల పని చేసిన. కిటికీలు పెద్దయి పెట్టుండ్రి. ఎండ లోపలికి రావాలె." పడమటి గదికి సగం గోడ కిటికీలే పెట్టిన్రు. మా ఇంటికి అంతకన్న పెద్దయి కావాలని నేను పట్టుబట్టిన.

ఇగ కింద నేలకు ఏమెయ్యాలె? అక్క తొందరపడలే. దుకాండ్ల నుంచి ముక్కలు అడిగి తెచ్చింది. నున్నటి టైల్, నల్ల గ్రానైట్, చెక్క లెక్క కనబడే ప్లాస్టిక్ షీటు, బూడిదరంగు షాబాద్ బండ. ఒక్కొక్కదాని సగం మీద అట్టముక్క కప్పి, నెల దినాలు డాబా మీద ఎండల పెట్టింది. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుంట ఎక్కి వాటి మీద నిలబడేది. మా ఆయన అది చూసి, "వదినె ఇంజినీర్ కావాల్సింది" అని మురిసిండు. నన్నెన్నడు అట్ల అన్లే. ఆ మాట ముల్లు లెక్క దిగింది.

నల్ల గ్రానైట్ కాలు పెట్టనియ్యలే. నున్నటి టైల్ మెరుపు కండ్లల్ల కొట్టింది. షీటు మీది అట్ట తీస్తే రెండు రంగులు కనబడ్డయి. షాబాద్ బండ వేడెక్కింది గని నిలబడనిచ్చింది, రంగు మాత్రం మారలే.

"చెల్లె, ఎండ కొట్టే గదికి షీటు వద్దే. రంగు పోతది, అంచులు లేస్తయి," అన్నది.

"గోదాం లెక్క బండలు నేనెయ్య," అన్న.

వాళ్ల గదిల షాబాద్ బండలు, మా గదిల షీటు పరిపించినం. షీటు పడ్డనాడు వచ్చిన చుట్టాలందరు మా ఇంట్లనే కూసున్నరు. ఆమె మీద నేను గెలిచిన రోజు అదొక్కటే.

రెండో ఎండాకాలం సోఫా జరిపితే కింద ఒక రంగు, చుట్టూ ఒక రంగు. కిటికీ కాడ అంచు పైకి లేసింది. దానికే కాలు తట్టి మా ఆయన పడ్డడు. మణికట్టు విరిగింది. అక్క ఉరికొచ్చి చేతికి తువ్వాల కట్టి, ఆటో పిలిచి, దవఖాన్ల నా పక్కనే కూసున్నది. "నేను ముందే చెప్పలేనా" అని ఒక్క మాట అన్లే. అన్నా బాగుండు, కొట్లాడి నిమ్మళమయ్యేదాన్ని.

వారం తర్వాత వాళ్ల పెరట్ల తాటిపత్రి పట్ట లేపి చూపించింది. మా గదికి సరిపోయేటన్ని బండలు.

"ఎప్పుడు తెప్పించినవ్?"

"మావి తెచ్చిననాడే. ఒక్క లారీల వస్తయని."

నాకు మండింది. "నేను ఓడిపోతనని ముందే ఎరుకన్నట్టు!"

ఆమె కొంగుతోని బండ మీది దుమ్ము తుడిసింది. "ఓడుడేంది చెల్లె? రెండిండ్లల్ల తిరిగేటియి మనయే కాళ్లు గదా."

బండలు పరిపించుకున్న. మంచి మాట ఒక్కటి చెప్పలే. "మీకన్న మాకే సాఫ్‌గ పరిచిండు మేస్త్రి" అన్న గూడ. ఆమె నవ్వింది. తర్వాత చుట్టాలల్ల ఎవరు ఇల్లు కట్టినా, మెట్‌పల్లి నుంచి వచ్చినా, ఇచ్చోడ నుంచి వచ్చినా, మా గేటు దాటి ఆమె కాడికే పోయేటోళ్లు. "కంటిని కాదు, కాలిని అడుగుండ్రి" అని అందరికి చెప్పేది. గోడ ఇవతల వినుకుంట ఉడికిపోయేదాన్ని. ఆ బండల మీద మా ఆయన మళ్ల పడలే. ఆ ఒక్క మాటన్నా ఆమెకు చెప్పాల్సింది.

ఆమెను తీస్కపోయిననాడు వాడకట్టంత ఏడ్చింది. నా కోసం ఇంతమంది రారు గదా అనిపించింది. అప్పుడు గూడ కుళ్లే.

మూడోనాడు మధ్యాహ్నం వాళ్ల పడమటి గదిలకు పోయిన. శనివారం ఆమె పెట్టిన సగ్గుబియ్యం వడియాలు బండల మీద పరిచిన పాత ధోతి మీద అట్లనే ఉన్నయి. ఎవ్వరు తియ్యలే. బావ కిటికీ కాడ కూసోని వాటి దిక్కే చూస్తుండు. నేను కింద కూలబడి ఒక్కొక్కటి తిరగేసిన. ఎండ మెల్లగ నా చేతుల మీదికి వచ్చింది. నా చేతి వడియాలు ఎన్నడు ఇంత తెల్లగ రాలే.