ఏదీ అర్థంకాని పెద్దాయన

ఆ ఆఫీసులో పెద్దాయనకి ఉన్న జబ్బు ఒకటే. ఏదీ అర్థం కాదు. ఇరవై రెండేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నారు, జుట్టంతా తెల్లబడింది, అయినా మీటింగులో ఎవరు ఏం చెప్పినా ఆయన చెయ్యి పైకి లేవాల్సిందే. "నాకర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

మీటింగుల్లో అయితే సరిపెట్టుకోవచ్చు. ఓసారి మంటలు రేగితే ఎలా బయటపడాలో నేర్పడానికి అగ్నిమాపక దళం వాళ్లొచ్చారు. గంట మోగింది, జనమంతా మెట్ల మీద పరుగు. మూడో అంతస్తు మలుపులో అందర్నీ ఆపేసి ఈయన అడిగారు: "నాకర్థం కాలేదు. దిగాక మళ్లీ ఎక్కాలా, ఇంటికి పోవచ్చా?" నిజం మంటలే అయితే ఆ జవాబు వచ్చేలోపు సగంమంది వేగిపోయేవాళ్లు.

ఇంట్లోవాళ్లకీ తప్పలేదు. భార్య ఫోన్ చేసి ఉప్పు తెమ్మంటే, "కల్లుప్పా, మెత్తనిదా? కిలోనా, అరకిలోనా? నాకర్థం కాలేదు" అనేవారు. "మీకు ఏనాడు ఏమర్థమైంది గనక!" అన్న ఆవిడ గొంతు నాలుగు బల్లల అవతలికి వినిపించేది.

ఆయన పక్క బల్ల కొత్తవాడిది. వాడికి డిగ్రీ లేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుని, పాత పుస్తకాలు తిరగేసి ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నాడు. మూడు నెలలు చూసి, నచ్చితేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. వాడికి లోకమంతటి మీదా కోపమే. అందులో పెద్ద వాటా పెద్దాయనది. 'పట్టా ఉంది, జీతం ఉంది, బుర్రే లేదు. అన్నీ తెలిసిన నేనేమో ఇక్కడ బిక్కుబిక్కుమంటూ కూర్చోవాలి.' అన్నీ తెలియవన్న సంగతి తనొక్కడికే తెలుసనుకున్నాడు. అందుకే మీటింగుల్లో నోరు విప్పేవాడు కాదు. తలాడించేవాడు.

వాళ్లు చేసేది ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాము. ఫలానా రోజు డాక్టరు దగ్గరికి రమ్మని రోగులకి అదే సందేశాలు పంపుతుంది. రెండో నెలలో కొత్తవాడికి అందులో ఘోరం కనబడింది: జనవరి దగ్గర సున్నా, ఫిబ్రవరి దగ్గర ఒకటి! 'ఎవడో మొద్దు రాశాడు' అనుకుని, ప్రతి నెలకీ ఒకటి కలిపే లైను రాసి పెట్టుకున్నాడు. సాయంత్రం దాన్ని అసలు ప్రోగ్రాములో చేర్చడమే తరువాయి.

మధ్యాహ్నం మీటింగులో పెద్దాయన చెయ్యి లేచింది. "మేనేజరమ్మా, నాకర్థం కాలేదు. జనవరి సున్నా ఎందుకయింది? మొదటి నెల ఒకటి కదా?"

గదంతా గొల్లుమంది. మేనేజరు నుదురు కొట్టుకుంది. "ఇన్నేళ్ల తర్వాత ఇదేం ప్రశ్న సార్! మన ప్రోగ్రాము లోపల నెలల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది. బయటికి చూపేటప్పుడు అదే ఒకటి కలుపుతుంది. మనం ఇంకోటి కలిపామనుకోండి, జనవరిలో ఆపరేషన్ కావలసిన మనిషి ఫిబ్రవరిలో వస్తాడు. అదీ, వచ్చే ఓపికుంటే!"

మీటింగు అవగానే కొత్తవాడు తన బల్ల దగ్గరికి పరుగెత్తాడు. ఎవరూ చూడకుండా ఆ లైను చెరిపేశాడు. 'ముసలాయన తెలివితక్కువతనం నన్ను బతికించింది' అనుకున్నాడే గానీ, కృతజ్ఞత వీసమెత్తు పుట్టలేదు.

మూడో నెలాఖరున, ఆ నెలల లెక్క రాసిన మొద్దెవరో చూద్దామనిపించింది. తిట్టుకోవడానికి ఒక పేరుంటే హాయిగా ఉంటుంది కదా! ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో చూపించే చరిత్ర తెరిచాడు. ప్రతి లైను పక్కనా పెద్దాయన పేరే, పదకొండేళ్ల కిందటి తేదీతో. పైన, తను చదవకుండా దాటేసిన ఆయన గమనిక: "జాగ్రత్త. ఇక్కడ జనవరి అంటే సున్నా. ఎవరూ ఒకటి కలపొద్దు."

కొత్తవాడు ఆ గమనికని రెండుసార్లు చదివాడు. ఈ మూడు నెలల్లో పెద్దాయనకి మీటింగుల్లో అర్థంకానివన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆయనది కాదు. అన్నీ తనవే. మంచినీళ్లకని రోజుకి ఇరవైసార్లు తన తెర మీదికి తొంగిచూస్తూ కుర్చీ వెనకనుంచి నడిచే ఆ మనిషి దాహం ఎలాంటిదో అప్పటికి తెలిసింది. ఆయన అప్పటికే ఇంటికెళ్లిపోయారు. పక్క బల్ల దగ్గరి ఆ ఖాళీ కుర్చీకైనా దండం పెట్టాలనిపించింది.

మర్నాడు వాడి గడువుకి ఆఖరి రోజు. డాక్టరు దగ్గర ఒకే సమయాన్ని ఇద్దరు రోగులు ఒక్క క్షణంలో అడిగితే ప్రోగ్రాము ఏం చెయ్యాలో మేనేజరు బోర్డు మీద గీసి చెప్తోంది. కొత్తవాడికి సగంలోనే దారి తప్పింది. ఆశగా పెద్దాయన వైపు చూశాడు. ఆయన పొద్దున్నే పన్ను పీకించుకుని వచ్చారు. నోటినిండా దూది.

"అందరికీ అర్థమైందా?"

"ఊఁ! ఊఁ ఊఁ!" పెద్దాయన చెయ్యెత్తారు, బోర్డు చూపించారు, తల అడ్డంగా ఊపారు, గాల్లో ఏవేవో గీశారు.

"నొప్పా సార్? ఇంటికెళ్లి పడుకోండి."

ఇక అడగాల్సింది కొత్తవాడే. నోరు విప్పితే పని రాదని ఒప్పుకున్నట్టే, ఉద్యోగం పోయినట్టే. విప్పకపోతే రేపు తన చేతిమీదుగా ఇద్దరు రోగులు ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటారు. లేచి నిలబడ్డాడు.

"మేడమ్, నాకర్థం కాలేదు. సగం నుంచే అర్థం కాలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆమె మార్కరు కింద పెట్టింది.

"హమ్మయ్య! మూడు నెలలుగా తలాడిస్తూనే ఉన్నావు కదయ్యా. తెలియనిది తెలియదని చెప్పనివాడికి రోగుల వివరాలు ఎలా అప్పగించాలా అని భయపడి చస్తున్నాను. రేపట్నించి నీ ఉద్యోగం ఖాయం. కూర్చో, మళ్లీ చెప్తా."

వాడు కూర్చునేసరికి పక్కనుంచి ఓ చిన్న కాగితం జారుకుంటూ వచ్చింది. పెద్దాయన దస్తూరి: "శభాష్ నాయనా. నీకు అర్థంకానిది ఇంకోటుంది. అదీ త్వరగా అడిగేస్తే నేను ఇంటికెళ్లి పడుకుంటాను."