ఒంటిగంటకు ఆగే మర

నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు పోయింది. మా పచ్చళ్ళ షెడ్డులో తిరుగుతున్న కారం మర ఆగిపోయింది. పొద్దున్నుంచీ చెవుల్లో హోరుమంటున్న చప్పుడు అలా తెగిపోతే మొదట ఏమీ వినపడదు. తర్వాత ఒక్కొక్కటే తెలుస్తాయి. ఎవరో తుమ్మారు. గోడ అవతల ఆటో స్టార్టు కాక మొరాయిస్తోంది. విజయవాడ బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. గాలిలో కారం ఘాటు ఇంకా అలాగే ఉంది. నేను జల్లెడ చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. మర ఆగితే వేణువు వినిపించాలని నా చెవులకు అలవాటు. "ఏంటక్కా, అలా అయిపోయావు?" అంది నా దగ్గర పనిచేసే దుర్గ. "ఏం లేదు, నువ్వు డబ్బాలు తుడువు" అని కసిరాను. పాపం, ఆ పిల్ల తప్పేముంది? మస్తాన్ బాబాయ్ పోయి రెండేళ్ళు దాటిందని దానికేం తెలుసు!

తిరువూరులో మా వీధి చివర ఆయన మర ఉండేది. బియ్యప్పిండి, పసుపు, కారం అన్నీ పట్టేవారు. ఏడాదికి సరిపడా కారం అందరూ ఎండాకాలంలోనే పట్టించుకుంటారు కాబట్టి మార్చి వచ్చిందంటే మర ముందు జాతరే. వినగడప లాంటి పక్క ఊళ్ళ నుంచి కూడా మిరపకాయల గోతాలు మోసుకొచ్చేవాళ్ళు. మా ఆయనకి బదిలీ అయి ఈ ఊరొచ్చిన మొదటి ఏడాది నేనూ ఐదు కిలోల మిరపకాయలు పట్టుకుని వెళ్ళాను. రెండు గంటలు నిలబడ్డాక నా వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన గోడ గడియారం చూసి, టక్కున స్విచ్ ఆపేశారు. నాకసలే నోరెక్కువ. "ఇదేంటండీ! ఇంతసేపు నిలబెట్టి నా దాకా వచ్చేసరికి ఆపేస్తారా?" అన్నాను. "రెండింటికి మళ్ళీ వేస్తానమ్మా" అన్నారు. "అన్నం తినడానికి గంట కావాలా?" అంటే, "అన్నం పదింటికే తినేశాను. ఈ గంట నాదమ్మా. మిగతా రోజంతా మీదే" అన్నారు, అదేదో మామూలు విషయమైనట్టు. నా వెనకున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. "కూర్చో అమ్మాయ్, ఆయనతో ఎవ్వరం నెగ్గలేదు" అంది ఒకావిడ.

ఒళ్ళు మండిపోతుంటే చూస్తున్నాను. ఆయన చేతులు కుంకుడు రసంతో కడిగారు, తర్వాత సబ్బుతో కడిగారు, ఆ తర్వాత కొబ్బరినూనె రాసుకున్నారు. గోళ్ళ సందుల్లో ఏమాత్రం కారం ఉన్నా అది వేణువుకు అంటి పెదాలు మండిపోతాయని నాకు తర్వాత తెలిసింది. మర వెనక రేకుల పంచలో స్టూలు వేసుకుని కూర్చుని ఊదడం మొదలుపెట్టారు. గోతాల మీద కూర్చున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వాయించడం అయ్యాక దగ్గరికి వెళ్ళి, "మోహన రాగం కదండీ?" అన్నాను. ఆయన తలెత్తి చూశారు. "మీకెలా తెలుసమ్మా?" "ఒకప్పుడు ఫిడేలు వాయించేదాన్ని. పెళ్ళయ్యాక మానేశాను." "వాయించేదాన్ని అంటారేంటమ్మా, ఎవరో పోయినట్టు! ఫిడేలు ఉందా, అమ్మేశారా?" "ఉంది. మంచం కింద." "అయితే రేపు పట్టుకురండి" అని లేచి, నా మిరపకాయలే ముందు పోశారు.

అలా మొదలైంది. మా ఆయన బస్సు డ్రైవరు, మధ్యాహ్నం ఇంట్లో ఉండరు. పిల్లలు బడికి వెళ్ళేవాళ్ళు. వారానికి మూడు నాలుగు రోజులు ఫిడేలు పట్టుకుని ఆ రేకుల పంచకు వెళ్ళేదాన్ని. శుక్రవారం మాత్రం వెళ్ళేదాన్ని కాదు, ఆయన నమాజుకి వెళ్ళిపోయేవారు. "శుక్రవారం గంట అల్లాది, మిగతా ఆరూ నావి" అనేవారు. నన్ను మీరు అనడం మానేసి అమ్మాయ్ అనడం మొదలుపెట్టారు, నేను బాబాయ్ అన్నాను. ఆయన భార్య ఫాతిమా పిన్ని టీ తెచ్చి, గుమ్మంలోనే కూర్చుని వినేది. బాబాయ్ చిన్నప్పుడు ఒక బ్యాండు మాస్టారి దగ్గర వేణువు నేర్చుకున్నారట. ఇరవై ఏళ్ళకే తండ్రి పోయి మర నెత్తిన పడింది. బ్యాండు వాళ్ళేమో పెళ్ళిళ్ళకి ఊళ్ళు తిరగాలన్నారు, ఇంట్లోవాళ్ళేమో మర వదిలితే తిండి లేదన్నారు. రెండింట్లో ఒకటే చూసుకోమని ఊరంతా చెప్పిందట. "ఎవరి మాటా కాదనలేదు అమ్మాయ్. రోజంతా వాళ్ళకిచ్చేసి ఈ గంట దాచుకున్నా" అన్నారు. తర్వాత బైపాసు దగ్గర కొత్త మర వచ్చింది, అది మధ్యాహ్నం కూడా ఆగదు. బేరం అటు పోతోందని నేను గోల పెడితే నవ్వేశారు. "పోయేవాళ్ళు పోనీ. ఇల్లు గడుస్తోంది కదా! ఈ గంట కూడా ఇచ్చేస్తే ఇంక నేను మరకి మనిషిని, అంతే."

పిల్లల చదువులకి ఖర్చు పెరిగాక నేను పచ్చళ్ళు పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. ఈ చుట్టుపక్కల మామిడికాయకి కొదవా? నా ఆవకాయ జనానికి నచ్చింది. హైదరాబాదులో ఒక కొట్టువాళ్ళు కూడా అడిగారు. ఇంక నాకు పగలు తెలియలేదు, రాత్రి తెలియలేదు. ఫిడేలు మళ్ళీ మంచం కిందకి వెళ్ళిపోయింది. "రావట్లేదేం అమ్మాయ్?" అని బాబాయ్ అడిగితే, "సీజను కదా బాబాయ్, అయిపోగానే వస్తా" అనేదాన్ని. సీజను అయిపోతే వడియాలు, వడియాలు అయిపోతే పొడులు. ఒకసారి మాత్రం ఆయన, "నీ గంట నిన్నెవరూ అడగలేదు అమ్మాయ్, నువ్వే పారేస్తున్నావు" అన్నారు. నాకు చురుక్కుమంది. పది రోజులు మాట్లాడలేదు. అంత పొగరు నాకు.

ఆ మరుసటి ఏడు ఏప్రిల్లో పెద్ద ఆర్డరు వచ్చింది. కారం ఎంత పట్టినా చాలడం లేదు. బైపాసు మరవాళ్ళ కారం నాకు నచ్చదు, వేడెక్కి రంగు మారిపోతుంది. ఒంటిగంటకు బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే స్విచ్ ఆపేసి, చేతులకి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. "బాబాయ్, ఈ ఒక్క వారం మధ్యాహ్నం కూడా మర వేయండి. సరుకు టైముకి పంపకపోతే ఆర్డరు పోతుంది, నా పరువు పోతుంది" అన్నాను. ఆయన గడియారం చూశారు, నా మొహం చూశారు. "పరువు దాకా వచ్చిందా?" అని నవ్వి, నూనె చేతులు తువ్వాలుకి తుడుచుకుని స్విచ్ వేశారు. నేను సంతోషంగా ఇంటికి వచ్చాను. వారం అన్నది సీజను మొత్తం అయింది. రెండో వారం నుంచి నేను అడగను కూడా లేదు, ఒంటిగంటకల్లా గోతాలు పంపించేసేదాన్ని. ఆయన ముక్కుకి తడి గుడ్డ కట్టుకుని పట్టి పంపేవారు.

జూన్లో వానలు పడ్డాక నా సరుకు పని అయిపోయింది. ఒకరోజు మర ముందు నుంచి వెళ్తుంటే వెనక పంచలోంచి వేణువు వినిపించింది. వినిపించి, మధ్యలో తెగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ అక్కడే తెగింది. లోపలికి వెళ్ళాను. "గాలెక్కడో లీకవుతోంది అమ్మాయ్" అని నవ్వబోయి దగ్గులో పడిపోయారు. రెండు నెలలు ఊదకపోయేసరికి ఊపిరి నిలవడం లేదు, నిలుపుదామంటే దగ్గు. విజయవాడ డాక్టరు ముప్పై ఏళ్ళ కారం దుమ్ము అన్నారట, మర మానేయమన్నారట. డాక్టరు చెప్పింది నిజమే కావచ్చు, ఒక్క సీజనుతో మనిషి ఊపిరి పోదు. కానీ అన్నాళ్ళూ ఆయన దుమ్ములోంచి బయటికి వచ్చి గుండెల నిండా గాలి పీల్చింది ఆ ఒక్క గంటే. మరుసటి శ్రీరామనవమికి మా వీధి పందిట్లో ఆయన వేణువు లేదు. ఏటా వాయించే మనిషి ముందు వరసలో కుర్చీ వేసుకుని, "ఈ ఏడు వినడానికొచ్చా" అని అందరికీ తనే చెప్పుకున్నారు.

చివరి రోజుల్లో మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టారు. ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్తే, "ఫిడేలు తెచ్చావా?" అన్నారు. ఇంటికి వెళ్ళి దుమ్ము దులిపి తెచ్చాను. తీగలు తుప్పు పట్టాయి. మోహన ఎత్తుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. దుప్పటి మీద వేళ్ళు వేణువు రంధ్రాలు మూస్తున్నట్టు కదిలాయి, చటుక్కున ఆగాయి. "గాంధారం కిందికి జారుతోంది. మళ్ళీ" అన్నారు. మళ్ళీ వాయించాను. "మళ్ళీ." నాలుగోసారికి నాకు ఏడుపు ఆగలేదు. "నా వల్లే బాబాయ్, ఆ సీజన్లో నేను అడక్కుండా ఉంటే..." అని ఏదో చెప్పబోయాను. "వాయించేటప్పుడు మాట్లాడకు" అన్నారు. అంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు. పదిరోజులకి పోయారు.

ఇప్పుడు నాకే సొంత మర ఉంది. ఒంటిగంటకు ఆపేస్తాను. పనివాళ్ళు భోజనాలకి వెళ్తారు, నేను ఫిడేలు తీస్తాను. ఫోన్లు మోగుతూనే ఉంటాయి, కొట్టువాళ్ళు విసుక్కుంటూనే ఉంటారు, మోగనీ. నేను గొప్పగా వాయిస్తానని కాదు. ఆయనకి ఆ గంట సంతోషంగా ఉండేది, నాకు చాలాసార్లు ఏడుపొస్తుంది. అయినా మానను.

బాబాయ్ పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలకి వెళ్ళినప్పుడు పిన్ని చేతులు పట్టుకుని, "బాబాయ్ గంట నేనే లాక్కున్నాను పిన్నీ" అన్నాను. పిన్ని నా తల నిమిరింది. "నువ్వు లాక్కోవడమేంటే పిచ్చిదానా! ఇష్టం లేకపోతే కలెక్టరొచ్చి అడిగినా ఇచ్చే మనిషా ఆయన? సొంత తమ్ముడు తన కొడుకు పెళ్ళికి కారం పట్టమని అడిగినా ఆ గంట ఇవ్వలేదు. నువ్వడిగావని ఇచ్చాడు" అంది. నన్ను ఓదార్చాలనే అంది. ఆ మాటే నన్ను ఈ రోజుకీ కుదురుగా ఉండనివ్వదు. తోడబుట్టినవాడికి కూడా ఇవ్వని గంట ఆయన నాకిచ్చారు. నేను దాంతో కారం పట్టించుకున్నాను.