వెనక సీటు కింద టిక్ టిక్

నా కారులో ఒక చప్పుడుంది. టిక్, టిక్, కాస్త ఆగి మళ్ళీ టిక్. వెనక సీటు వైపు నుంచి వస్తుంది. మీరు ఎక్కినా మీకు వినపడకపోవచ్చు. మా ఆవిడకి వినపడదు. ఒకసారి నాతో వచ్చిన స్నేహితుడు చాలాసేపు చెవులు రిక్కించి, చివరికి నన్నే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. నాకు మాత్రం ఆ కారులో కూర్చుంటే అది తప్ప ఇంకేమీ వినపడదు. ఏడాది పైగా అది నా ప్రాణం తోడేసింది.

ఇంత చిన్న చప్పుడుకి ఇంత గోలా అంటారేమో. ఆ కారు నేను కొన్నదే చప్పుడు లేనందుకు. జపాన్ వాళ్ళ ఖరీదైన బండి. పేరు చెబితే గొప్పలు పోతున్నాడంటారు, వదిలేయండి. కొత్తది కొనే తాహతు నాకు లేదు, ఎవరో డాక్టరు కొన్నాళ్ళు వాడి కంపెనీకే తిరిగి ఇచ్చేసినదాన్ని తీసుకున్నాను. సగం దారి బ్యాటరీ మీదే నడుస్తుంది. బటన్ నొక్కాక బండి స్టార్టయిందో లేదో దీపాలు చూసి తెలుసుకోవలసిందే. అద్దాలు ఎత్తేస్తే బైపాస్ మీద బస్సుల హారన్లు కూడా పక్క వీధి పెళ్ళివాళ్ళ మేళంలాగా ఎక్కడో దూరంగా వినిపిస్తాయి.

నేను పుట్టి పెరిగింది కలకత్తాలో, ఖిదిర్‌పూర్ దాటాక, రేవు పక్కన ఉన్న మున్సిపాలిటీ క్వార్టర్సులో. ఒకే గది, ఇంటిల్లిపాదీ అందులోనే. గోడ అవతల ఇంకో కుటుంబం, కిటికీ అవతల కుళాయి, తెల్లవారకుండానే ఆ కుళాయి దగ్గర తగువు. అమ్మ మెటియాబ్రుజ్ దర్జీ కార్ఖానాల నుంచి చొక్కాలు తెచ్చుకుని కాజాలు కుట్టేది. ఆ చొక్కాల కట్టల మీదే కూర్చుని చదువుకున్నాను. ఇప్పుడు బడ్జ్ బడ్జ్‌లో నాకో వర్క్‌షాపు ఉంది. జనపనార మిల్లుల మోటార్లు కాలిపోతే వైండింగ్ చేసి ఇస్తాం. రోజంతా సుత్తి దెబ్బలు, బేరింగుల కీచులు. సాయంత్రం న్యూ టౌన్‌లో ఇంటికి చేరితే పక్కన ఇంకో టవరు లేస్తూ ఉంటుంది. ఇంటికీ షాపుకీ మధ్య ఆ కారులో గడిపే సమయం ఒక్కటే నాకు నిశ్శబ్దం. అందుకే డ్రైవరుని కూడా పెట్టుకోలేదు, వాడు మాట్లాడతాడని.

అమ్మ మాతోనే ఉంటుంది. ప్రతి ఆదివారం ఆమెని మా పాత పేట తెలుగు చర్చికి తీసుకువెళ్తాను. కారు కొన్న మొదటి ఆదివారం వెనక సీటులో కూర్చుని, గేటు దాటి చాలా దూరం వచ్చాక అడిగింది.

"బండి నడస్తన్నాదేటిరా? సప్పుడే లేదు."

"అదే దీని గొప్పమ్మా."

"గొప్పేటి. ఎనకనించొస్తే ఎవులికి తెలస్తాది?"

ఆ మాట ఎందుకందో నాకు తెలుసు. నాన్న మున్సిపాలిటీలో రోడ్లు కడిగేవాడు. నేలలోని నీటి గొట్టం మూత తిప్పి, రబ్బరు పైపుతో రోడ్డు మీద గంగ నీళ్ళు కొట్టే పని. ఒక తెల్లవారుజామున ఆ పైపు సర్దుతూ వంగి ఉండగా వెనక నుంచి వచ్చిన కారు కొట్టేసింది. నీళ్ళ హోరులో అది వస్తున్నట్టు ఆయనకి వినపడలేదు. అప్పటి నుంచీ అమ్మకి ఏ కారూ నమ్మకం లేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు కారు దగ్గర నిలబడి ప్రార్థన చేశారు. దానితో అమ్మకి తృప్తి కలగలేదు. బానెట్ మీద ప్రార్థన నూనె రాయాలంది, వెనక అద్దం మీద వాక్యం అంటించాలంది, ముందు అద్దానికి సిలువ వేలాడాలంది. నేను ఒప్పుకోలేదు. లేత గోధుమరంగు తోలు సీట్లమ్మా, నూనె చుక్క పడితే పోదు, వేలాడేది ఏదైనా సరే టకటకలాడుతుంది, ఈ బండిలో నాకు ఏ చప్పుడూ వద్దు అన్నాను. "సరేలే బాబూ, నీ బండి నీ ఇష్టం" అని ఊరుకుంది. నేనే గెలిచాననుకున్నాను.

ఆ తరువాత కొద్ది రోజులకే టిక్ మొదలైంది.

చప్పుడు విని మోటారు జబ్బు చెప్పడం నా వృత్తి. మిల్లు గుమ్మంలో నిలబడి లోపల ఏ మోటారుకి బేరింగు పోయిందో చెబుతాను. అలాంటిది నా సొంత కారులో టిక్ ఎక్కడిదో చెప్పలేకపోయాను. డిక్కీ ఖాళీ చేశాను. జాకీ తీసి ఇంట్లో పెట్టాను. నీళ్ళ సీసాలు, గొడుగు, టిష్యూ పెట్టె అన్నీ తీసేశాను. టార్చి పెట్టి సీట్ల కింద వెతికాను. సీటు విప్పితే వారంటీ పోతుందని భయం. చివరికి సర్వీస్ సెంటరుకి వెళ్ళాను. కంటి డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నాను కాబట్టి ఆ రోజు అమ్మ కూడా ఉంది.

ఆ సర్వీస్ సెంటరు మర్యాద గురించి చెప్పాలి, ఎందుకంటే నన్ను సగం చంపింది అదే. కారు ఆగకముందే ఒకాయన తలుపు తీస్తాడు. చల్లటి తువ్వాలు ఇస్తారు. పింగాణీ కప్పులో డార్జిలింగ్ టీ, పక్కన సందేశ్ మిఠాయి. నా పని చూసే ఆయనకి నా వయసే ఉంటుంది, కళ్ళజోడు, గొంతు ఎప్పుడూ పెంచడు. మనం ఏం చెప్పినా తల కాస్త వంచి వింటాడు. వెళ్ళేటప్పుడు మన కారు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. మా క్వార్టర్సులో గొంతు పెంచితేనే బిందె నిండేది. నాకు పనులు చేయించుకోవడం వచ్చింది ఆ కుళాయి దగ్గరే. ఇక్కడ ఆ విద్యంతా వృథా. కోపంతో లోపలికి వెళ్తాను, ఆ కప్పు చేతిలో పెడతారు, కప్పు పట్టుకుని అరవడం నాకు రాదు.

ఆ మొదటిసారి నేను మిల్లువాళ్ళతో ఫోనులో మాట్లాడి వచ్చేసరికి అమ్మ ఆ కళ్ళజోడాయనతో తన ఖిదిర్‌పూర్ బెంగాలీలో ఏదో చెబుతోంది. ఆయన తల వంచి వింటున్నాడు. టీ బాగుందని చెబుతోందనుకున్నాను. సాయంత్రానికి కారు ఇచ్చారు. చప్పుడు పోయింది. ఏమిటది అని అడిగితే "చిన్న విషయం దాదా, సర్దేశాం" అన్నాడు. నా ప్రాణానికి హాయిగా ఉంది. ఆ వారమంతా షాపుకి వెళ్ళి వస్తూ ఎర్రలైట్ పడితే సంతోషించాను.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మళ్ళీ టిక్.

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తువ్వాలు, మళ్ళీ టీ, మళ్ళీ "సర్దేశాం దాదా". మళ్ళీ ఆదివారందాకా బాగుంది, తరువాత టిక్. ఇలా ఎన్నిసార్లు తిరిగానో నాకే గుర్తు లేదు. ఏమిటి జబ్బు అని అడిగితే సూటిగా చెప్పడు. "శబ్దం చాలా సున్నితమైన విషయం" అంటాడు. నాకు చెబుతున్నాడు, మోటార్ల మధ్య బతికేవాడికి. ఇంట్లో నా విసుగు చూసి మా ఆవిడ, కారు అమ్మేసి పాత బండే కొనుక్కోమంది. అందులో అన్నీ మోగేవి కాబట్టి ఏదీ వినపడేది కాదట.

చివరికి జబ్బు నాకే అర్థమైందనుకున్నాను. ఆదివారం తరువాతే వస్తోందంటే తప్పు ఆ దారిది. రేవు నుంచి కంటైనర్ లారీలు తిరిగే రోడ్డు, గుంతలు, పాత ట్రామ్ పట్టాలు. ఆ దారిలో కారు కీళ్ళు కదిలిపోతున్నాయి. అమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇక నుంచి ఆదివారం నీకు యాప్‌లో క్యాబ్ బుక్ చేస్తాను, ఈ బండి అటు తీసుకురాను అని. అమ్మ "బండికి నొప్పెడతాదంటే నానేటి సెప్తాను" అంది. ఆ ఆదివారం క్యాబ్‌లోనే వెళ్ళింది. వచ్చాక ఆ డ్రైవరు దారంతా ఫోనులో మాట్లాడాడని చెప్పింది.

సర్వీసు నుంచి వచ్చిన కారు ఆదివారం దాటినా మాట్లాడలేదు. ఆ వారం నాలాంటి తెలివైనవాడు లేడనుకున్నాను. మధ్యలో ఒక సాయంత్రం అమ్మ, కళ్ళజోడు కారులో మరిచిపోయానని తాళం అడిగి తీసుకుని కింద పార్కింగ్‌కి వెళ్ళింది. మర్నాడు పొద్దున బైపాస్ ఎక్కానో లేదో, టిక్.

ఆ రోజు షాపుకి వెళ్ళలేదు. తిన్నగా సర్వీస్ సెంటరుకి వెళ్ళాను. టీ కప్పు ముట్టుకోలేదు. కుళాయి దగ్గరి గొంతు బయటికి తీశాను. మీకు పని రాదా, నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా, ఆ జపాన్ వాళ్ళకి రాస్తాను అని అరిచాను. సోఫాల్లో కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగారు. సిగ్గుగానూ ఉంది, చాలా రోజుల తరువాత హాయిగానూ ఉంది. కళ్ళజోడాయన నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"దాదా, మాశీమాకి మాటిచ్చాను. మీరు ఆమెని ఏమీ అననంటే చెబుతాను."

మాశీమా అంటే పిన్ని. మా అమ్మ ఆయనకి ఎప్పుడు పిన్ని అయిందో నాకు తెలియదు.

"వెనక సీటు కింద చిన్న గాజు సీసా ఉంది. మొదటి రోజే చూశాం. మాశీమాని అడిగితే అది దేవుడి నూనె, తియ్యొద్దు, మా అబ్బాయికి చెప్పొద్దు అన్నారు. కస్టమరు వస్తువు, అందులోనూ దేవుడిది, మేమెలా తీస్తాం? మీకు చప్పుడు రాకుండా స్పాంజి చుట్టి మళ్ళీ అక్కడే పెట్టాం. ప్రతిసారీ అదే చేస్తున్నాం. ప్రతిసారీ మీరు వచ్చేసరికి స్పాంజి ఉండటం లేదు."

"ఎవరు తీస్తున్నారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది మీ ఇంటి విషయం దాదా" అన్నాడు.

దారిలో ఒక ఫ్లైఓవర్ కింద కారు ఆపి వెనక సీటులో కూర్చున్నాను. బెల్టు గుచ్చే బకిల్ మొదట్లో వేలు పెట్టి తడిమితే దారం తగిలింది. సీటు రంగుకి అచ్చంగా సరిపోయిన దారం. ఇన్నాళ్ళు చొక్కాల రంగుకి కాజా దారం కలిపిన మనిషి, ఇక్కడ తప్పు చేస్తుందా? లాగితే సందులోంచి సీసా పైకి వచ్చింది. హోమియోపతి మాత్రల సీసా, అందులో సగానికి చర్చి నూనె. బండి కదిలినప్పుడల్లా అది కింద రేకుకి తగులుతోంది. ఏడాది నా నిద్ర పాడుచేసింది నా చిటికెన వేలంత లేదు. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో కింద కూర్చుని దొండకాయల్లాంటి పొటోల్ కాయలు గీరుతోంది. సీసా ఆమె ముందు పెట్టాను.

"ఇదేటమ్మా?"

"నూనె."

"నూనని నాకెరికే. నా సీటు కిందెందుకున్నాది?"

"ఆ కళ్ళజోడాయన సెప్పీసినాడా? సెప్పనన్నాడే." మోసపోయింది తానే అన్నట్టు ముఖం పెట్టింది.

"ఎడితే ఎట్టినావు. ఆళ్ళు స్పాంజి సుట్టినారు గదా. అదెందుకు తీసీసినావు?"

"సుట్టీస్తే సప్పుడు రాదు."

"రాకూడదనే గదమ్మా సుట్టినారు."

"సప్పుడు రాకపోతే అదక్కడున్నాదో, ఎవులైనా తీసి పారీసినారో నాకెలగ తెలస్తాది?" కాయ పక్కన పెట్టింది. "నువ్వు రోజూ బడ్జ్ బడ్జ్ పోతావు. నానింట్లో కూకుంటాను. ఆదోరం ఓపాలి ఇనుకుంటే ఆ వారం గడస్తాది. నువ్వేమో ఆ ఆదోరం కూడా తీసీసినావు."

లోపల సీసా మోగితే రోడ్డు మీదున్నవాడికి ఎలా వినిపిస్తుందని అరిచాను.

"బైటోలికి కాదు. నాకు," అంది. మళ్ళీ కాయ తీసుకుని గీరుతూ, "మీ నాన్నెనక ఏ సప్పుడూ రాలేదు" అంది.

చెప్పడానికి నా దగ్గర ఇంకా చాలా ఉంది. తోలు సీట్లు, వారంటీ, సర్వీస్ సెంటరులో పోయిన పరువు. అన్నీ నిజాలే. అయినా ఆ సాయంత్రం కిందికి వెళ్ళి సీసాని సందులోంచి మళ్ళీ లోపలికి జార్చాను, దారం ఆమె కట్టినట్టే కట్టడానికి చూశాను, కుదరలేదు. అమ్మే దిగి వచ్చి కట్టుకుంది.

ఇప్పుడు ఆదివారాలు మళ్ళీ నేనే తీసుకెళ్తున్నాను. కారు కదిలి టిక్ వినపడగానే అమ్మ తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చప్పుడూ ఆగుతుంది, కళ్ళు తెరిచి ముందుకి చూస్తుంది. బండి కదులుతుంది, టిక్ మంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. నేను అద్దంలో ఆమెని చూస్తూ, పళ్ళు నూరుకుంటూ, పచ్చ లైటు కోసం ఎదురుచూస్తుంటాను.