ఎర్ర తోరణం ఇవతల

1990లో మేం సిడ్నీలో ఉండేవాళ్లం. మావారి కాన్ఫరెన్సుకని క్యోటో వెళ్లినప్పుడు, అన్నయ్య హోటల్‌కి ఫోన్ చేసి అమ్మ పోయిందన్నాడు. నేను గుంటూరు చేరేలోపే దహనం అయిపోతుందని, రావద్దన్నాడు. నాకు ఏడుపు రాలేదు.

మర్నాడు మావారు, “రూమ్‌లో ఒక్కదానివే ఏం చేస్తావు, జస్ట్ కమ్” అంటూ ఓ పాత షింటో గుడిలో వేసవి ఉత్సవానికి తీసుకెళ్లారు. గుడి ముందు ద్వారంలా నిలబెట్టిన ఎర్ర కొయ్య తోరణం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి.

“నాకు మైలండీ.”

“ఇది మన గుడి కాదు కదా!” అని అందరిముందూ విసుక్కున్నారు.

మాకు తోడొచ్చిన జపాన్ ఆవిడ ఏమైందని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. “ఇక్కడా అంతే, లోపలికి వెళ్లకూడదు” అని, తనూ నా పక్కనే ఆగిపోయింది. డప్పులు, పల్లకి మమ్మల్ని దాటి వెళ్లిపోయాయి. ఆవిడ నాకు విసనకర్రతో విసురుతూనే ఉంది.

సోమవారం సిడ్నీలో మామూలుగా ఆఫీసుకెళ్లాను. అమ్మ కోసం నేను చేయగలిగిందల్లా ఆ గంటసేపు గుడి బయట నిలబడటమే.